కర్రోడి తాయెత్తు

మా ఇంట్లో బూడిదను ఊరికే పారబొయ్యరు. మా నాన్న చెంచయ్య ఆచారి కంసాలి పని చేసేవాడు. కుంపట్లో ఊకా బొగ్గులూ కాలగా మిగిలిన బూడిదనూ, పని చేసే బల్ల కింద ఊడ్చిన దుమ్మునూ ఒక కుండలో పోగుచేసేవాడు. కుండ నిండితే కడగడం నా పని. మరిగె అని వెడల్పాటి చెక్క పళ్ళెం ఉండేది. అందులో బూడిద వేసి, నీళ్ళు పోసి, రెండు అంచులూ పట్టుకుని మెల్లగా తిప్పుతూ వంచాలి. తేలికైనదంతా నీళ్ళతో పోతుంది. బరువైనది అడుగున నిలుస్తుంది. మూడు నీళ్ళు మార్చేసరికి ఆవగింజంత బంగారమో, చిటికెడు వెండి రజనో కనిపిస్తుంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాయనమ్మ నేర్పింది. "పోయేదాన్ని చూడమాకే కోటీ, ఉండేదాన్ని చూడు" అనేది. పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్ననాటికి కళ్ళు మూసుకుని కూడా కడగగలిగేదాన్ని.

పున్నమ్మ విషయంలో నేను చేసిన తప్పు ఆ అలవాటు వల్లే జరిగింది. అలాగని నెపం అలవాటు మీదికి నెట్టలేను. కడిగింది నేనే. తరవాత చేసినవన్నీ కూడా నేనే చేశాను.

పున్నమ్మది మా ఊరే, చర్చి వెనక వీధి. భర్త ఆదాం చీమకుర్తి క్వారీలో రాళ్ళ పనికి వెళ్ళి ఏ ఆరు నెలలకో వచ్చేవాడు. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళయ్యాయి. ఆమె మిరప కోతలకూ పత్తి తీతలకూ పోయేది. ఎక్కడికి పోయినా వెనకాల కర్రోడు ఉండేవాడు. కర్రోడంటే ఆమె కుక్క. ఒళ్ళంతా నలుపు, ఒక చెవి వాలిపోయి ఉండేది. చీమకుర్తి రోడ్డు మీద లారీల కింద పడబోయిన ఈ కుక్కపిల్లను ఆదాం అన్నం కారియరు సంచిలో పెట్టుకుని తెచ్చాడు. మెళ్ళో చిన్న ఇత్తడి మువ్వ కట్టారు. మువ్వ వినబడితే మా వీధిలో వాళ్ళం పున్నమ్మ వస్తోందనుకునేవాళ్ళం.

రెండువేల ఒకటి ఏప్రిల్లో ఆమె ఒక రైతు మిరప కల్లానికి కాపలా ఒప్పుకుంది. కాయలు ఆరబోసిన చోటు పక్కనే తాటాకు గుడిసె, గుడిసె వెనక పీకి పేర్చిన పత్తి కట్టె. కుక్క కాయలు తొక్కుతోందని రైతు కోప్పడ్డాడు. పున్నమ్మ కర్రోణ్ణి గుడిసె గుంజకు కట్టేసి, మంచినీళ్ళ బిందె తెచ్చుకోవడానికి ఊళ్ళోకి వచ్చింది. ఆ వేళకే పక్క చేలో ఎవరో కట్టె తగలబెట్టారు. గాలి తిరిగింది. పొగ చూసి ఊరంతా పరిగెత్తింది. కాయల కింద పరిచిన బరకాలు లాగి, కాయలు ఎత్తి అవతల పోశారు. కాయలు దక్కాయి. గుడిసె వైపు ఎవరూ పోలేదు.

సగం కాలిన కర్రోణ్ణి పూడ్చిపెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. మిగిలిన పత్తి కట్టె తనే పేర్చి, ఎముకలు కూడా పొడయ్యేదాకా కాల్చింది.

మూడో రోజు ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు నాన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మా వసారాలో రెండో పక్క బుడాన్ మామ కుట్టుమిషను ఉండేది. పున్నమ్మ కొంగు ముడి విప్పి వెండి కడియం ఒకటి నాన్న ముందు పెట్టింది.

"ఆచారిగారూ, దీంతో ఒక గొట్టం చేసిపెట్టాల. తాడుకి వేళ్ళాడేసుకునేట్టు. గట్టి మూత ఉండాల."

"తాయెత్తా? మీ పాస్టరుగారు ఊరుకుంటాడా?"

"తాయెత్తు కాదండీ. మావోడి బూడిద పోసుకుంటా."

బుడాన్ మామ మిషను ఆపాడు. "కుక్క మెళ్ళో తాయెత్తు కట్టడం చూశాం గానీ, కుక్కనే తాయెత్తు చేసుకోవడం యాడా చూళ్ళేదు పున్నమ్మా."

"నువ్వు పొద్దస్తమానం మెళ్ళో టేపు వేళ్ళాడేసుకుని తిరగట్లా? నా మెళ్ళో నా కుక్కుంటే నీకేం నొప్పి?"

"నాకేం నొప్పీ లేదు. అది రాత్రిళ్ళు మొరిగితే మాత్రం మీ వీధోళ్ళు ఊరుకోరు."

పున్నమ్మ నవ్వబోయి ఆగిపోయింది. నాన్న కడియం చేతిలోకి తీసుకోలేదు.

"మనుషుల బూడిదే ఏట్లో కలిపేస్తారమ్మా. మెళ్ళో వేసుకు తిరగడం మంచిది కాదు. నా మాటిను."

"దాని మెళ్ళో తాడు కట్టింది నేనే గదండీ" అంది పున్నమ్మ. "వద్దని మొరాయించింది. గుంజ దగ్గరికి రానంటే రెండు దెబ్బలేసి మరీ కట్టా. ఇంక నా మెళ్ళోనే ఉండాల."

నాన్న కడియం తీసి తూకం చిప్పలో వేశాడు.

గొట్టం రెండు రోజుల్లో తయారైంది. చూపుడువేలి పొడుగు, రెండు కొసలా మూతల్లాంటి చిన్న కుప్పెలు. ఒక కుప్పె అతికించి ఉంది, రెండోది బూడిద పోశాక లక్కతో మూసెయ్యాలి. ఆ పొద్దున నాన్న వెండి పనేదో ఉండి చీరాల వెళ్ళాడు. పున్నమ్మ పదింటికి చీర పేలికలో మూట కట్టుకుని వచ్చింది. రెండు దోసిళ్ళ బూడిద ఉంటుందేమో.

"పాపా, ఇందులో వాడి మువ్వ ఉండాల. నేను వెతికా గానీ నా కళ్ళు ఆనట్లా. ఎండు కాయల ఘాటుకి నీళ్ళు కారిపోతన్నయ్. నువ్వు చూసి తీసిపెట్టు. సాయంత్రం ఆచారిగారు వచ్చాక వస్తా. నేను చూస్తా ఉండగా పొయ్యాల, ఏం?"

"అట్లాగే పున్నమ్మా" అన్నాను. ఆమె నాకంటే పాతికేళ్ళు పెద్దది. మా ఇంట్లో అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాబట్టి నేనూ అలాగే పిలిచేదాన్ని.

మూట విప్పాను. నల్లటి తాటాకు మసి, పత్తి కట్టె బొగ్గులు, చేలో మట్టి, కాలిన మిరపకాయ తొడిమలు. ఘాటుకు దగ్గు వచ్చింది. వేలితో కలిపి చూశాను. ఇందులో గుడిసె ఎంత, కర్రోడు ఎంత అనిపించింది. ఆమె మెళ్ళో తాటాకు బూడిదా పత్తి కట్టె బూడిదా ఎందుకుండాలి? చెత్తంతా తీసేసి, అసలైనది ఆమెకిస్తే బాగుంటుందనుకున్నాను. ఎవరూ చెప్పకపోయినా ఆమె కోసం ఒక మంచి పని చేస్తున్నాననుకున్నాను. ఇది మాత్రం నిజం.

మరిగె తెచ్చి, పెరట్లో తూము దగ్గర కూర్చుని, మొదటి నీళ్ళు పోశాను. నల్లగా పైకి తేలింది. మెల్లగా తిప్పుతూ వంచేశాను. రెండో నీళ్ళు బూడిదరంగులో వచ్చాయి. వాటినీ వంచేశాను.

బుడాన్ మామ మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చి చూశాడు. "ఏంది పాపా, ఆ కుక్క బంగారమేమైనా మింగిందా, అంత పైలంగా కడుగుతున్నావ్?"

"మువ్వ కోసం మామా" అన్నాను. మూడో నీళ్ళు పోశాను. పాలు కలిపినట్టు కొంచెం తెల్లగా తిరిగాయి. ఆ తెలుపు ఇప్పటికీ నాకు గుర్తుంది. వంచేశాను.

అడుగున సగం కరిగి వంకరపోయిన మువ్వ, రెండు మేకులు, చేలో ఇసక మిగిలాయి. మువ్వ దొరికిందన్న సంతోషంలో కాసేపు నాకేమీ తెలియలేదు. చింతపండు పెట్టి తోమాను. మెరిసింది. అప్పుడు మరిగెలోకి మళ్ళీ చూశాను, మిగిలినదాన్ని ఆరబెడదామని. ఇసకను వేళ్ళతో కెలికాను. ఇసక కింద కూడా ఇసకే ఉంది.

బరువైనదే అసలైనదని నాకు నేర్పారు. కాలిపోయిన ప్రాణి అన్నిటికంటే తేలికైపోతుందని నాకు తట్టలేదు.

తూము దగ్గర మట్టి రెండు చేతులతో తీశాను. సబ్బు నురగ, అంట్ల నీళ్ళు, పాచి. అక్కడినుంచి వీధి కాలవలోకి పోయింది. బుడాన్ మామ చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

నాన్న నాలుగింటి బస్సుకు వచ్చాడు. చేతిసంచి దించకముందే చెప్పేశాను. ఆయన మరిగె దగ్గరికి పోయి చూశాడు.

"మొత్తం పోయిందా?"

"మొత్తం."

"చిటికెడన్నా పక్కన తియ్యాలని తోచలేదటే?"

నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. "వస్తుందిగా. జరిగింది జరిగినట్టు చెప్పు. తిడితే పడదాం" అన్నాడు.

"నువ్వు చెప్పు నాన్నా."

"కడిగింది నువ్వు."

ఆయన లక్క కోసం కుంపటి రాజేయడానికి కూర్చున్నాడు. అడుగున పాత బూడిద తీసి పక్కన పోశాడు. నేను అందులోంచి ఒక గుప్పెడు తీసుకున్నాను. పల్చటి బట్టలో జల్లించి కాగితంలో పెట్టాను. ఎందుకు పెట్టుకుంటున్నానో నన్ను నేను అడగలేదు. నాన్న చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

పున్నమ్మ నీళ్ళు పోసుకుని, తలకు నూనె రాసుకుని, ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. అలా వస్తుందని నేననుకోలేదు. పొద్దున్నలా మట్టి కాళ్ళతో వచ్చి ఉంటే చెప్పగలిగేదాన్నేమో. ఇప్పటికీ ఆ చీర మీదికి నెడుతున్నాను చూడండి.

"ఏడీ మావోడు?" అంది గడపలోనే.

"మువ్వ దొరికింది" అన్నాను. ముందు అదే అందించాను. రెండు చేతులతో తీసుకుని చెవి దగ్గర ఊపింది. మోగలేదు. అయినా నవ్వింది. తరవాత బల్ల మీద కాగితం చూసింది.

"ఇదేనా?"

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. ఆమే కాగితం విప్పింది.

"ఇంత తెల్లగా అయిందేం పాపా?"

"జల్లించాను" అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత తొందరగా నోట్లోంచి వచ్చింది.

"మట్టీ మసీ లేకుండా చేశావు. నీ చెయ్యి చల్లగుండ" అంటూ వేలికొసతో కొంచెం అంటించుకుని గుండె మీద రాసుకుంది.

నాన్న లక్క వేడిచేస్తూ తలెత్తాడు. నా వంకే చూస్తూ ఉండిపోయాడు. లక్క కారి నిప్పుల్లో పడి పొగ లేచింది. "పొయ్యనా?" అన్నాడు. అడిగింది పున్నమ్మను కాదు.

"పొయ్యి నాన్నా" అన్నాను.

ఆ తరవాత కూలికి పోతూ వస్తూ పున్నమ్మ మా వసారా దగ్గర ఆగేది. ఒకసారి గోంగూర కట్ట తెచ్చింది, ఇంకోసారి పచ్చిమిరపకాయలు. వద్దన్నా పెట్టి పోయేది. ఆ గోంగూర అమ్మ పప్పులో వేస్తే నేను మజ్జిగన్నం తిని లేచాను.

"మా పాస్టరు నతానియేలుగారు అడిగాడు పాపా, మెళ్ళో అదేందమ్మా అని. దయ్యానికి కాదయ్యగారూ, కుక్కకి అన్నా. ఆయన నవ్వి ఊరుకున్నాడు."

ఆమె దాంతో మాట్లాడేది. దాచుకోకుండా చెప్పేది. "పొద్దున లేవంగానే చెప్తా వాడికి, ఒరేయ్, ఇయ్యాల ఫలానా చేలోకి పోతన్నాం రా అని. కట్టేశానని మనసులో పెట్టుకోబాక రా అని కూడా చెప్తా. మొదట్లో వాడు వినట్లేదనిపించేది. ఈ మధ్యన వింటన్నాడు."

ఆమె వెళ్ళాక బుడాన్ మామ దారం కొరుకుతూ అన్నాడు. "ఊక బూడిదకి ప్రాణం పోశావు పాపా. మీ నాన్న చేతిలో కూడా ఆ పనితనం లేదు." నేను ఏడుపు మొహం పెట్టాను. ఆయన గొంతు తగ్గించాడు. "చెప్పెయ్ తల్లీ. ఇప్పుడైతే చిన్న తప్పు. నానేకొద్దీ ఉబ్బుద్ది."

చెబుదామనే అనుకున్నాను. పత్తి చేలో గుంటకలు తోలేటప్పుడు ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గాక చెబుదామనుకున్నాను. తగ్గింది. తీతలు మొదలయ్యాయి. ఆమె మూట నెత్తిన పెట్టుకుని గబగబా పోతుంటే ఆపి చెప్పే మాట కాదనుకున్నాను. క్రిస్మస్‌కు ఆదాం వచ్చాడు. నాన్నకు దండం పెట్టడానికని ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆదాం భార్య మెళ్ళో గొట్టాన్ని రాళ్ళు కొట్టి కాయలు కాసిన వేళ్ళతో పట్టుకుని, "సంచిలో తెచ్చినోణ్ణి ఇందులో పెట్టారాండీ" అని మా అరుగు మీదే కూర్చుని ఏడ్చాడు. ఆ రోజు చెప్పడం అసలే కుదరలేదు. నాన్న మాత్రం ఎప్పుడూ అడగలేదు. చెప్పలేదని ఆయనకు తెలుసు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పున్నమ్మ కంగారుగా వచ్చింది. ఆదాం చీమకుర్తిలో గది చూశాడట. పర్చూరులో పలకరాళ్ళు దించిన లారీ ఒకటి ఖాళీగా తిరిగి పోతూ పదకొండింటికి చర్చి మలుపు దగ్గర ఎక్కించుకుంటుందట. సామాను మూటలు అప్పటికే అక్కడ పెట్టి వచ్చింది.

"పాపా, దీని మూత తియ్యి. కొంచెం తీసి ఆ కల్లం దగ్గర చల్లి పోతా. మేం ఊరొదిలి పోతన్నాం గదా, వాడు అక్కడే వెతుక్కుంటా తిరుగుతాడేమో. కొంచెం అక్కడుండి, కొంచెం నా దగ్గరుంటే తికమక పడడు."

నాన్న లేచి పటకారు నా చేతికిచ్చాడు. బల్ల దగ్గర కూర్చోకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

లక్క వేడిచేసి కుప్పె లాగాను. కాగితం మీద బోర్లించాను. మా కుంపటి బూడిద రాలింది. దీన్ని ఆమె కొంగులో కట్టుకుని పోయి, గుడిసె కాలిన చోట మోకాళ్ళ మీద కూర్చుని చల్లుతుందని తలచుకుంటే చెయ్యి ఆడలేదు. ఆ ఒక్కటి మాత్రం జరగనివ్వకూడదనిపించింది. దాన్ని నేను ధైర్యం అనుకున్నాను.

"పున్నమ్మా, ఇది కర్రోడు కాదు."

ఆమె నవ్వింది. "మరెవరు?"

చెప్పాను. మూట విప్పడం, మరిగె, మూడు నీళ్ళు, తూము, కుంపటి బూడిద. ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పాను. బుడాన్ మామ మిషను ఎప్పుడు ఆపాడో తెలియదు. పున్నమ్మ నా నోటి వంకే చూస్తోంది.

"యాడ పారబోశావు?"

పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాను. తూము చూసింది, తూము నుంచి కాలవ దాకా చూసింది. కాలవలో ఎవరివో బాతులు ఉన్నాయి. ఎన్నో వానలు, ఒక తుఫాను అయిపోయాయి. ఆమె వంగలేదు, ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి వసారాలోకి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మరి ఇన్నాళ్ళూ నేను ఎవరితో మాట్లాడినట్టు పాపా?"

నేను బల్ల మీది కాగితంలో బూడిద గాలికి లేవకుండా చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇప్పుడెందుకు చెప్పావు?"

"చెప్పకుండా ఉండలేకపోయాను."

"పది నెలలున్నావుగా" అంది. కోపంగా అనలేదు, లెక్క సరిచూస్తున్నట్టు అంది. "ఇంకో గంట ఉండలేకపోయావా? చల్లేసి, లారీ ఎక్కి పోయేదాన్ని. వాడు నాతోనే ఉండేవాడు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూలేదు. లేచి వచ్చి కాగితం నా వైపు జరిపింది.

"పోసి మూసెయ్."

"ఇదా?"

"ఇదే. ఉత్తి మెడతో పోతే ఆదాం అడుగుతాడు. ఆయనకి నేను చెప్పలేను. చెప్పి ఆయన్ని కూడా నాలాగా చెయ్యమంటావా?"

కాగితాన్ని గోటితో మడిచి బూడిద గొట్టంలోకి పోశాను. లక్క పెట్టాను. కొంచెం పక్కకు కారింది. గోకబోతే ఆమె వద్దని లాక్కుంది. ఇంకా వేడిగానే ఉంది. మెళ్ళో వేసుకుని రవికలోపలికి తోసేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆచారిగారికి చెప్పు, పోయొస్తానని" అంది. ఆ మాట నాతో కాదు, బుడాన్ మామతో.

కల్లం వైపు దారి మా ఇంటి ముందునుంచే పోతుంది. ఆమె అటు తిరగలేదు. చర్చి మలుపు దాకా నడిచి తన మూటల మీద కూర్చుంది. లారీ రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. నేను వసారా స్తంభం పట్టుకుని చూస్తూనే ఉన్నాను. మామూలుగా ఒక్కతే కూర్చుంటే ఆమె పెదవులు కదులుతూ ఉండేవి. లారీ వచ్చి ఆమె ఎక్కిందాకా అవి కదలలేదు.